ఆడపిల్లని ఏం చదివిస్తున్నారు?

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచీ ప్రతి ఊళ్లోనూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది. "పిల్లని ఏం చదివిస్తున్నారు?" అని చుట్టాలు అడుగుతారు, టీచర్లు అడుగుతారు, మన కార్యకర్తలమూ అడుగుతాం. ఆ ప్రశ్న తండ్రినో అన్ననో ఉద్దేశించి ఉంటుంది. పిల్ల గుమ్మం పక్కన నిలబడి వింటూ ఉంటుంది. చదవడం ఆమె పని, చదివించడం వాళ్ల నిర్ణయం. మగపిల్లవాడి విషయంలోనూ "చదివిస్తున్నాం" అనే మాటే వాడతారు గానీ, "వాడు ఇంజనీరింగ్‌కి వెళ్తానంటున్నాడు" అనే మాట కూడా ఆ ఇంట్లో వినిపిస్తుంది. "అది ఫలానా చదువుతానంటోంది" అనే మాట మాత్రం చాలా అరుదు. వినిపించినా దాని వెనకే "కానీ" అని ఒకటి వస్తుంది.

వేసవి సెలవుల్లో ఆడపిల్లలతో, వాళ్ల తల్లులతో కూర్చుని ఏ కోర్సు, ఏ కాలేజీ, ఏ స్కాలర్‌షిప్ అని మాట్లాడే పని నేను కొన్నేళ్లుగా చేస్తున్నాను. మన సంఘాల్లో చాలామందికి ఇది చిన్న పనిగా కనిపిస్తుంది. "అది టీచర్ల పని, మనది హక్కుల పోరాటం" అంటారు. కానీ ఫలితాలు వచ్చిన రోజుకీ, కాలేజీలో చేరే చివరి తేదీకీ మధ్య ఉండే ఆ కొద్ది వారాల్లో ఒక స్త్రీ జీవితానికి సంబంధించిన నిర్ణయాలు ఎన్ని జరిగిపోతాయో, అవి ఆమె ప్రమేయం లేకుండా ఎలా జరిగిపోతాయో చూశాక, ఇది హక్కుల పనే అని నా నమ్మకం. ఇంకా చెప్పాలంటే, తర్వాత మన దగ్గరికి వచ్చే చాలా కేసులకి మొదలు అక్కడే ఉంది.

లెక్కలు చూస్తే ఆడపిల్లలు చదువులో వెనకబడి ఉన్నారని ఎవరూ అనలేరు. 2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో కాలేజీ, యూనివర్సిటీ చదువుల్లో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది స్త్రీలు. ఈ అంకె చూపించి "ఇంకేం కావాలి?" అని అడిగేవాళ్లున్నారు. ఏం చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు, చదివాక ఏమవుతున్నారు అన్నది కావాలి. అదే సర్వేలో ఇంజనీరింగ్ విద్యార్థులను చూస్తే ప్రతి పదిమందిలో ఆడపిల్లలు ముగ్గురికి మించరు. ఇక ఉద్యోగాల సంగతికి వస్తే, 2023–24 శ్రామిక సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో పనిలో ఉన్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి 41.7 శాతం. 2017–18లో ఇది 23.3 శాతమే. పెరిగింది నిజమే. కానీ ఆ పెరుగుదలలో పెద్ద భాగం సొంత పనులు చేసుకునేవాళ్లది, ఇంటి పొలంలో, ఇంటి దుకాణంలో జీతం లేకుండా సాయపడేవాళ్లది. నెలనెలా చేతికి జీతం వచ్చే ఉద్యోగాలు అంతగా పెరగలేదు. చదువుకీ బతుకుతెరువుకీ మధ్య ఎక్కడో తెగిపోతోంది. అది తెగేచోటు ఏదో మనం చూడాలి.

ఒక లెక్క గమనించండి. పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం పూర్తి చేసేసరికి ఆమెకి పదిహేడు, పద్దెనిమిదేళ్లు వస్తాయి. చట్టప్రకారం పెళ్లి వయసు అదే. అంటే డిగ్రీలో చేర్చాలా, సంబంధం చూడాలా అనే రెండు ప్రశ్నలూ ఒకే వేసవిలో ఇంటి ముందుకొస్తాయి. చాలా ఇళ్లలో పద్దెనిమిది దాకా కూడా ఆగరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. బాల్యవివాహ నిషేధ చట్టం 2006లో వచ్చింది. పెళ్లి ఆపడానికి మనం పోలీసులతో, అధికారులతో వెళ్తాం. మంచిదే. కానీ ఆపిన మర్నాడు ఆ పిల్ల ఏ కాలేజీ మెట్లెక్కాలో మన చేతిలో సమాధానం లేకపోతే, ఆరు నెలలకి అదే పెళ్లి మరో ఊళ్లో జరుగుతుంది. కాలేజీలో సీటు ఉన్న పిల్ల పెళ్లి వాయిదా వేయించడం, ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్ల పెళ్లి వాయిదా వేయించడం ఒకటి కావు. క్షేత్రంలో పనిచేసే ప్రతి కార్యకర్తకీ ఈ తేడా తెలుసు.

ఇళ్లలో నిర్ణయం ఎలా జరుగుతుందో చూద్దాం. కొడుకు విషయంలో ఏ కోర్సు మంచిది అని వెతుకుతారు. అప్పు చేసైనా కార్పొరేటు కాలేజీలో వేస్తారు. కూతురి విషయంలో మొదట దూరం చూస్తారు. తర్వాత ఫీజు, ఆ తర్వాత హాస్టలు. చివరిగా, పైకి అనకపోయినా, పెళ్లి. "ఎక్కువ చదివిస్తే అంతకంటే ఎక్కువ చదివిన వాణ్ణి తేవాలి, అంత కట్నం ఎక్కడినుంచి తెస్తాం?" అని తండ్రులు నా ముందే లెక్కలు వేశారు. కట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక పిల్ల ఏ కోర్సు చదవాలో పుట్టబోయే కట్నం నిర్ణయిస్తోంది. చివరికి మిగిలేది ఏమిటి? ఇంటికి దగ్గరగా ఉన్న కాలేజీ, అందులో ఖాళీగా ఉన్న కోర్సు. ఆ కోర్సు ఆమెకి ఇష్టమా, దాని తర్వాత దారి ఉందా అని ఎవరూ అడగరు. "మూడేళ్లు ఏదో ఒకటి చదువుతుంది, ఈలోగా సంబంధం కుదురుతుంది." చదువు అక్కడ వెయిటింగ్ రూమ్.

దీన్ని నేను ఆస్తి పంపకంగానే చూస్తాను. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన చట్టం మన రాష్ట్రంలో 1986లోనే వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ హక్కు కోసం మనం ఎన్నో సభలు పెట్టాం. కానీ మన దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలావాటికి పంచుకోవడానికి భూమి ఉండదు. వాళ్ల దగ్గర ఉన్న ఆస్తి అల్లా పిల్లల చదువు మీద పెట్టగలిగిన ఆ కొద్ది డబ్బే. అది పదహారేళ్ల వయసులోనే కొడుకు వైపు వెళ్లిపోతుంది. కూతురి వాటా బంగారంగానో కట్నంగానో మారి, ఆమె చేతికి రాకుండానే మరో ఇంటికి పోతుంది. ఈ పంపకం ఏ కోర్టులోనూ ప్రశ్నకి రాదు.

చట్టం కూడా ఇక్కడ మన పక్కన నిలబడదు. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే వర్తిస్తుంది. సరిగ్గా ఆడపిల్ల చదువు ప్రమాదంలో పడే వయసుకి ఆ చట్టం ఆగిపోతుంది. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు చాలాచోట్ల ఇప్పుడు ఇంటర్ దాకా పెరిగాయి. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు 2016లో మొదలయ్యాయి. ఇవి చాలామంది పిల్లలకి నిజంగా దారి చూపించాయి. కానీ అందులో సీటు దొరకని పిల్ల సంగతి పూర్తిగా ఆ ఇంటి దయ.

ఇక తెలియకపోవడం వల్ల మూసుకుపోయే తలుపులు వేరే ఉన్నాయి. పదో తరగతి అయిన పిల్ల పదిహేనేళ్ల వయసులో ఒక గ్రూపు ఎంచుకుంటుంది. సి.ఇ.సి. తీసుకుంటే ఇంజనీరింగ్ దారి మూసుకుపోతుందని అప్పుడు చెప్పేవాళ్లుండరు. అదే సి.ఇ.సి.తో అయిదేళ్ల లా కోర్సుకి వెళ్లొచ్చని కూడా ఎవరూ చెప్పరు. లెక్కలంటే ఇష్టమున్న పేదింటి పిల్లకి పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చని, ఆ తర్వాత ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చని చెబితే తల్లుల ముఖాలు వికసిస్తాయి. మూడేళ్లలో చేతికి ఒక పని వస్తుంది, పైచదువు దారీ తెరిచే ఉంటుంది. గుంటూరు, కాకినాడ లాంటి చోట్ల ఆడపిల్లలకే ప్రత్యేకంగా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లున్నాయి. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలు, అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ, తర్వాత వచ్చిన శ్రీకాకుళం, ఒంగోలు, పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటాయి. ప్రభుత్వ బడుల పిల్లలకి అందులో కొంత అదనపు వెసులుబాటు ఉంది. దరఖాస్తు తేదీ దాటాక ఈ సంగతి తెలుసుకున్న పిల్లల్ని ఏటా చూస్తాను.

పేదింటి పిల్లలని ఎక్కువగా పంపే వొకేషనల్ కోర్సులు మరో ఉదాహరణ. మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు అయిపోగానే ఏదో నర్సింగ్ హోంలో తక్కువ జీతానికి చేరిపోతారు. బ్రిడ్జి కోర్సు పరీక్ష రాస్తే మామూలు ఇంటర్ పిల్లల్లాగే పైచదువులకి వెళ్లే వీలుంటుందని వాళ్లలో చాలామందికి తెలియదు. అలాగే టీచరు ఉద్యోగం. ఆడపిల్లకి తగిన ఉద్యోగం అని మన సమాజం ఒప్పుకున్నది అదొక్కటే కాబట్టి అందరూ బి.ఇడి. వైపు పరుగెడతారు. కానీ ప్రాథమిక తరగతులు చెప్పే టీచరుకి బి.ఇడి. అర్హత కాదని, డి.ఇఎల్.ఇడి. ఉండాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటర్ తర్వాత రెండేళ్లలో అయిపోయే ఆ కోర్సు గురించి చెబితే, అయిదేళ్లు చదివించే స్తోమత లేదనే తల్లిదండ్రులు ఆలోచనలో పడతారు. "ఆడపిల్లకి టీచరుద్యోగమే మంచిది" అన్న మాటతో నాకు పేచీ ఉంది. కానీ టీచరు కావాలని తనే కోరుకునే పిల్లకి సరైన దారి తెలియాలి కదా.

ఈ ఖాళీని ఇప్పుడు ఎవరు నింపుతున్నారు? ప్రైవేటు కాలేజీల పి.ఆర్.ఓ.లు. ఫలితాలు రాకముందే వాళ్లు పిల్లల జాబితాలతో ఇళ్లకి వస్తారు. బస్సు ఉందంటారు, హాస్టలు ఉందంటారు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది మీరు రూపాయి కట్టక్కర్లేదంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుపోతారు. వెబ్ ఆప్షన్లు వాళ్లే పెట్టేస్తారు. తెలంగాణలో 2016 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డిగ్రీ ప్రవేశాలు కూడా ఆన్‌లైన్ అయ్యాయి. దళారుల చేతినుంచి పిల్లల్ని తప్పించడానికి వచ్చిన పద్ధతి ఇది. కానీ ఓటీపీ వచ్చే ఫోను ఎవరి దగ్గరుంటుంది? తండ్రి జేబులో, అన్న చేతిలో. ఇంటర్నెట్ సెంటర్లో పక్కవాడు అడిగితే ఆ నంబరు చెప్పేస్తారు. తన పేరు మీద ఏ కాలేజీ, ఏ కోర్సు పెట్టారో సీటు వచ్చాకే తెలిసిన పిల్లలున్నారు.

సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యు.జి.సి. 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. గడువులోగా సీటు వదులుకుంటే కట్టిన ఫీజు తిరిగి ఇవ్వాలనీ చెప్పింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎందరో పిల్లలు ఇష్టం లేని కోర్సులోంచి బయటపడగలరు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల లక్షల మంది చదువుకున్నారు, కాదనను. కానీ ప్రభుత్వం బకాయి పెట్టినప్పుడల్లా కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లే తాకట్టుగా పెట్టుకుంటున్నాయి. బాకీ ప్రభుత్వానిది, ఉద్యోగం పోయేది పిల్లది. మగపిల్లవాడైతే అప్పు చేసి విడిపిస్తారు. ఆడపిల్ల సర్టిఫికెట్లు అక్కడే ఉండిపోతాయి. "ఇప్పుడు వాటితో దానికేం పని?" అంటారు.

ప్రభుత్వం తన మనసులోని మాట డబ్బు రూపంలో చెబుతుంది. తెలంగాణలో కల్యాణలక్ష్మి 2014లో 51,000 రూపాయలతో మొదలై 2018లో 1,00,116 అయింది. నేను వెళ్లిన ఏ ఊళ్లోనూ ఈ అంకె తెలియని తల్లి కనబడలేదు. చివరి నూట పదహార్లతో సహా చెబుతారు. పద్దెనిమిది నిండితేనే ఇస్తారు కాబట్టి అది బాల్యవివాహాలకి కొంత అడ్డుకట్ట అనే వాదన ఉంది. కావచ్చు. కానీ పద్దెనిమిదో ఏట పెళ్లి చేస్తే ఇంత అని చెప్పిన ప్రభుత్వం, పద్దెనిమిదో ఏట కాలేజీలో చేరితే ఎంత అన్నది అంత గట్టిగా చెప్పదు. సాంకేతిక విద్యలో చేరిన ఆడపిల్లలకి ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా దరఖాస్తు చేసుకోవచ్చు. డిప్లొమాకైనా, బి.టెక్.కైనా వర్తిస్తుంది. సంఖ్య పరిమితమే, మెరిట్ చూస్తారు. అయినా దరఖాస్తే చేయని పిల్లకి ఎలా వస్తుంది? నాలుగేళ్ల బి.టెక్.కి లెక్కేస్తే రెండు లక్షలు. పెళ్లి సొమ్ము కంటే రెట్టింపు. ఆ అంకె చెప్పగలిగిన తల్లి నాకింకా తగల్లేదు. అలాగే ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో ప్రతి కేటగిరీలోనూ ఆడపిల్లలకి 33⅓ శాతం సీట్లున్నాయన్న సంగతి, "మన పిల్లకి ఆ ర్యాంకుతో ఏమొస్తుందిలే" అని ముందే మానుకున్న ఇళ్లకి తెలియదు.

ఒంటరి స్త్రీల పిల్లల కష్టాలు వేరు. కుల, ఆదాయ ధ్రువపత్రాలకి వెళ్తే తండ్రి ఏడీ, తండ్రి ఆదాయమెంత అని అడుగుతారు. వదిలేసి పోయినవాడి సంతకం తెమ్మని తిప్పి పంపుతారు. ఈ తిప్పటలోనే చివరి తేదీ దాటిపోతుంది. ఇలాంటి సమయంలో సంఘం నుంచి ఒక మనిషి ఆ తల్లితో వెళ్లి అధికారి ముందు కూర్చుంటే పని అయిపోవడం నేను చూశాను. మనం గృహహింస కేసుల్లో చేసేది కూడా సరిగ్గా ఇదే కదా.

"ఇది సేవ, ఉద్యమం కాదు" అనేవాళ్లకి మన చరిత్రే సమాధానం. తనకి ఎనిమిదేళ్లప్పుడు చేసిన పెళ్లిని కాదని బయటికొచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, బెనారస్ మెట్రిక్యులేషన్ ప్రైవేటుగా రాసింది. ఆ తర్వాత మద్రాసులో తను 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో బాల్య వితంతువులనీ, భర్తలు వదిలేసినవాళ్లనీ అదే పరీక్షకి తయారు చేసింది. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు స్త్రీల కోసం కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది కూడా ఆమె అనుభవంలోంచే. పరీక్ష ఫారం నింపడం ఆమెకి చిన్న పనిగా కనిపించలేదు. ఎక్కడ నింపాలో, ఎవరికి నింపాలో ఆమెకి తెలుసు.

"ఉద్యోగాలే లేనప్పుడు ఈ ప్లానింగంతా ఎందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగాలు లేవన్న వాదన ఏ ఇంట్లోనూ కొడుకు చదువుని ఆపదు. కూతురి చదువునే ఆపుతుంది. ఉన్న కొద్ది ఉద్యోగాలకైనా ఆడపిల్లలు పోటీకి నిలబడాలంటే దారి ముందే తెలిసి ఉండాలి. ఉద్యోగాల కోసం పోరాటం చేయాల్సిందే. ఆ పోరాటంలో నిలబడేది కూడా చదువు మధ్యలో ఆగని స్త్రీలే.

మరో జాగ్రత్త మనకి మనమే చెప్పుకోవాలి. తండ్రి స్థానంలో మనం కూర్చోకూడదు. "నువ్వు లా చదువు, మాకు లాయర్లు కావాలి" అని సంఘం చెప్పినా అది చదివించడమే. ఇంజనీరింగ్ ఇష్టం లేని పిల్లని స్త్రీవాదం పేరుతో ఇంజనీరింగ్‌కి నెట్టడం సరికాదు. ఏ దారి ఎక్కడికి పోతుందో, ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ కష్టముందో పూర్తిగా చెప్పి, ఆమె నిర్ణయానికి అండగా నిలబడటం వరకే మన పని. ఆమె మనకి నచ్చనిది ఎంచుకున్నా సరే.

మరి ఏం చేయాలి? ప్రతి మండలంలోనూ మన సంఘం మార్చి లోపలే పదో తరగతి, ఇంటర్ చదివే ఆడపిల్లల జాబితా తయారు చేసుకోవాలి. పరీక్షలకి ముందే కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ సరిచూసుకునేలా చేయాలి. దరఖాస్తుల చివరి తేదీలు బడిలోనూ, పొదుపు సంఘాల సమావేశాల్లోనూ గోడమీద రాయాలి. పొదుపు సంఘాల్లో తల్లులకి అప్పుల వడ్డీ లెక్క తెలుసు, కోర్సుల లెక్క కూడా అంతే వివరంగా చెప్పొచ్చు. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో మన ఆఫీసులో ఒక కంప్యూటరు, ఒక మనిషి ఉండాలి. ఆప్షన్లు పిల్లే పెట్టాలి, ఓటీపీ ఆమె కళ్లముందే ఉండాలి. ఆ ఊరినుంచి ముందు చదువుకున్న అమ్మాయిలని పిలిపించి మాట్లాడించాలి. నర్సు అయిన అక్క చెప్పిన మాట మన ఉపన్యాసం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

కాలేజీ గురించి అడగాల్సిన ప్రశ్నలు కూడా మార్చాలి. ఫలితాల శాతం అడుగుతాం. లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉందా అని అడగం. 2013 చట్టం, 2015 యు.జి.సి. నిబంధనల ప్రకారం అది ఉండి తీరాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది. దూరం అనే సాకు సగం తగ్గింది. కానీ ల్యాబ్ అయ్యాక సాయంత్రం ఆరు గంటలకి ఆ ఊరికి బస్సుందా? లేకపోతే డిపో మేనేజరుకి అర్జీ పెట్టడం సంఘం పని. ఆ ఒక్క బస్సు వల్ల ఒక ఊరి ఆడపిల్లలంతా కాలేజీ మానకుండా ఉండొచ్చు.

పెళ్లయ్యి చదువు ఆగిపోయినవాళ్లని కూడా మరచిపోకూడదు. 1982లో దేశంలోనే మొదటిదిగా హైదరాబాదులో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇలాంటివాళ్ల కోసమే వచ్చింది. ముప్ఫై ఏళ్ల స్త్రీ డిగ్రీ చదువుతానంటే ఆమెకీ ఇదే సాయం చేయాలి.

ఈ పనికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఏడాదిలో కొన్ని వారాలు, ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు, చేతిలో సరైన సమాచారం ఉంటే చాలు. వచ్చే వేసవిలో ఫలితాలు వచ్చాక మీరు ఏ ఇంటికైనా వెళ్తే ముందు ఆ పిల్లని లోపలినుంచి పిలవండి. ఆమెని కూర్చోబెట్టి, తండ్రి వినేలా, ఆమెనే అడగండి: "అమ్మా, నువ్వు ఏం చదవాలనుకుంటున్నావు?" మొదట ఆమె తల వంచుకుంటుంది, తండ్రి వైపు చూస్తుంది. మీరు తొందరపడకండి. ఆమె నోరు విప్పేదాకా అక్కడే కూర్చోండి.